కొలువు దొరికినోళ్లు

గుమాస్తా తోసిన కార్డు కిటికీ అంచు మీద నుంచి జారి వరండా గచ్చు మీద పడింది. ఎల్లేశ్ వంగి దాన్ని తీసుకున్నాడు. తువ్వాలతో దుమ్ము తుడిచి మళ్లీ కిటికీలో పెట్టాడు. గుమాస్తా మళ్లీ తోశాడు. ఈసారి అది ఎల్లేశ్ చెప్పుల దగ్గర పడింది. వరుసలో నిలబడ్డవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. పక్కవాడికి అవమానం జరుగుతుంటే పేదవాడు నవ్వేది సంతోషంతో కాదు, తన వంతు ఇంకా రాలేదన్న ధీమాతో.

జిల్లా ఉపాధి కార్యాలయం వాళ్లు నెలకోమారు చేవెళ్ల మండల ఆఫీసులో పెట్టే క్యాంపు అది. చదువుకొని పని లేనివాళ్లు అక్కడ పేరు రాయించుకుంటారు. రాయించుకున్నవాళ్లు గడువు ముగిసినప్పుడల్లా కార్డు రెన్యువల్ చేయించుకుంటారు. సర్కారు కొలువులు పడితే ముందు రాయించుకున్నవాళ్లకు ముందు పిలుపు వస్తుంది. ఎల్లేశ్ ఇంటర్ పాసైన ఏడాది రాయించుకున్న పేరు అది. ఇప్పుడు సర్కారు హాస్టళ్లలో కొలువులు పడ్డాయి. వచ్చే ఉగాది దాటితే అతనికి వయసు దాటిపోతుంది.

"నీకు కొలువు దొరికిందని రిజిస్టర్ల ఉన్నది. పేరు కొట్టేసినం. కొలువున్నోనికి ఇంకో కొలువెట్లిస్తరు?" అన్నాడు గుమాస్తా. కోపంగా కూడా అనలేదు. బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు చెప్పాడు.

"నాకేం కొలువు సారూ. కాంట్రాక్టరు కింద గేటు తీస్తున్న. రేపు రావద్దంటే ఎల్లుండి లేను."

గుమాస్తా గోడ మీది ఫ్లెక్సీ వైపు వేలు చూపించాడు. మొయినాబాద్ ఉద్యోగ మేళాలో ఐటీ కంపెనీల్లో కొలువులు పొందిన మన బిడ్డలు అని పైన అక్షరాలు, కింద వరుసలుగా ముఖాలు. అందులో ఎల్లేశ్ ముఖం ఉంది. దాని పక్కన అరుణశ్రీ ముఖం.

అరుణశ్రీ అప్పుడు అతని వెనకనే నిలబడి ఉంది. చున్నీ నుదుటి మీదికి లాక్కుంది. ముడిమ్యాల పిల్ల. చేవెళ్లలో బీకాం చదివింది. ఎల్లేశ్ కాపలా కాసే గేటు లోపలే, గండిపేట దగ్గరి అద్దాల మేడలో, మూడో అంతస్తులో ఆమె పని. అది ఏం పనో ఎల్లేశ్‌కు తెలుసు. ఆ సంగతి అతనికి తెలుసునని ఆమెకూ తెలుసు. రోజూ గేటు దగ్గర ఎదురుపడి, ఒకే ఊరివాళ్లమన్నది మరిచిపోయినట్టు తలలు తిప్పుకునేవాళ్లు.

"ఈ బిడ్డనడుగుండ్రి సారూ," ఎల్లేశ్ వెనక్కి తిరిగాడు. "మా ఊరి పిల్లనే. మేం లోపటేం పని జేస్తున్నమో చెప్తది. చెప్పమ్మా."

వరుస వరుసంతా ఆమె వైపు తిరిగింది. అందులో ముడిమ్యాల వాళ్లు ఉన్నారు. కొడుకు కార్డు కోసం వచ్చిన వసంతమ్మ ఉంది. ఆమె అరుణశ్రీ తల్లితో కలిసి గులాబీ తోటలో కూలి చేసే మనిషి. ఇక్కడ అన్న మాట సందె వేళకల్లా వాడకట్టంతా తెలుస్తుంది.

"నాకు తెల్వదు సార్," అన్నది అరుణశ్రీ. "నాది ఆఫీసు పనే."

ఎల్లేశ్ ఆమెను ఒక్కమాటా అనలేదు. అన్నా బాగుండేది. కింద పడ్డ కార్డు తీసి జేబులో పెట్టుకొని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆమె వంతు వచ్చింది. గుమాస్తా ఆమె కార్డు తిరగేసి చూసి నవ్వాడు. "ఆఫీసు పనే అంటివి గదమ్మా. మరి నీకు రెన్యువల్ ఎందుకు? నీది గూడ కొట్టేసే ఉన్నది." ఆ కార్డు గచ్చు మీద పడలేదు. మర్యాదగా చేతికే ఇచ్చాడు. ఆ మర్యాద ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఈ అబద్ధం ఆమె కావాలని మొదలుపెట్టింది కాదు. గండిపేట చుట్టూ చెలకలు పోయి మేడలు లేస్తున్న కాలమది. నిన్నటిదాకా జొన్న చేను ఉన్నచోట ఇవాళ గేటు, గేటుకో గుడిసె, గుడిసెలో టోపీ పెట్టుకున్న పల్లెటూరి పిల్లవాడు. మొయినాబాద్ కాలేజీ మైదానంలో మేళా పెట్టినప్పుడు ఉపాధి అధికారి, కంపెనీలు మీ గడప దాకా వచ్చాయని మైకులో చెప్పాడు. అరుణశ్రీ తల్లి ముత్తమ్మ ఆ మాట నమ్మింది. మొగుడు పోయినప్పటి నుంచి గులాబీ ముళ్లు వేళ్లలో గుచ్చుకుంటుండగా బిడ్డను చదివించిన మనిషి, నమ్మక ఏం చేస్తుంది?

అయితే మేళాలో బల్ల దగ్గర కూర్చున్నవాడు కంపెనీ మనిషి కాదు. కంపెనీలకు మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు మనిషి. వాడు సర్టిఫికెట్లు విప్పి చూడలేదు. నిలబెట్టి ఎత్తు చూశాడు, ఇంగ్లీషులో రెండు ముక్కలు అడిగాడు. తడబడ్డ మగవాళ్లను సెక్యూరిటీకి, ఆడవాళ్లను ఫెసిలిటీకి రాసుకున్నాడు. ఫెసిలిటీ అంటే ఏమిటో అరుణశ్రీకి మొదటి రోజు తెలిసింది. సూపర్‌వైజరు రబ్బరు తొడుగులు, ఫినాయిల్ డబ్బా చేతికిచ్చి, బాత్రూంలు ఎటున్నాయో చూపించాడు.

ఆ సాయంత్రం నిజం చెప్పాలనే ఇంటికి వచ్చింది. వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లంతా కూర్చొని ఉన్నారు. ముత్తమ్మ అందరికీ చాయ పోస్తోంది. బిడ్డ మెడలో వేలాడే కార్డును వేళ్లతో పట్టుకొని, "కంప్యూటర్ మీదనేనా బిడ్డా?" అని అడిగింది. అరుణశ్రీ తల ఊపింది.

అప్పటి నుంచి పొద్దున్నే ఇస్త్రీ డ్రెస్సు, మెడలో కార్డు, భుజాన సంచి. సంచిలో సద్ది గిన్నె కింద మడతపెట్టిన నీలిరంగు యూనిఫారం. గండిపేట చౌరస్తాలో బస్సు దిగి, కౌసల్యమ్మ చాయ హోటల్ వెనక రేకుల గదిలో బట్టలు మార్చుకునేది. సాయంత్రం మళ్లీ అక్కడే మార్చుకొని బస్సెక్కేది. కౌసల్యమ్మ ఆ గదికి కిరాయి అడగలేదు. చాయ తాగి పోతే చాలంది. గదిలో మేకులకు ఇంకెవరెవరివో బట్టలు వేలాడుతుండేవి. ఎవరివని అరుణశ్రీ అడగలేదు. అడిగితే తనను కూడా ఎవరో అడుగుతారు.

చేవెళ్ల క్యాంపు అయిన నాలుగు రోజులకే గేటు దగ్గర కొత్త మనిషి నిలబడ్డాడు. పాతోడు సర్కారు ఆఫీసుల కంపెనీ ఇజ్జత్ తీసిండంట, గందుకు తీసేసిండ్రు, అన్నాడు. ఆ రోజంతా అరుణశ్రీ అద్దాలు తుడిచింది. తుడిచిన అద్దంలోకి ఒక్కసారి కూడా చూడలేదు.

తర్వాతి వారం రాజధానిలో ఏదో బహిరంగసభ. జనాన్ని తోలుకుపోవడానికి బస్సులన్నీ తీసుకుపోయారు. చేవెళ్ల నుంచి పొద్దున ఒక్క బస్సే వచ్చింది. రోజూ వేర్వేరు బస్సుల్లో, వేర్వేరు వేళల్లో పోయేవాళ్లంతా అందులో ఇరుక్కున్నారు. ఒకరినొకరు చూసి నవ్వారు, కంపెనీ ఎట్లున్నదని అడిగారు, బాగున్నదని చెప్పుకున్నారు. గండిపేట చౌరస్తాలో బస్సు సగం ఖాళీ అయింది.

దిగినవాళ్లు దిగినచోటే నిలబడ్డారు. శిరీష ఉంది, అరుణశ్రీతో డిగ్రీ చదివిన పిల్ల, మేనేజ్‌మెంట్‌లో పనిచేస్తున్నదని ఊళ్లో పేరు. సైదులు ఉన్నాడు, కంప్యూటర్లు బాగుచేస్తాడని పేరు. ధనరాజ్ ఉన్నాడు, అతను ఏకంగా ఇంజినీరు. ఆ పేరు మీదనే మొయినాబాద్‌లో మంచి సంబంధం కుదిరి పెళ్లి కూడా అయింది. మీరు పోండి, నేను ఒకరి కోసం ఆగిన అన్నది శిరీష. నేను కూడా ఆగిన అన్నది అరుణశ్రీ. ధనరాజ్ ఫోను చెవికి పెట్టుకొని ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. మధ్యలో ఆ ఫోనే మోగింది. ఎవరూ కదల్లేదు. ఎండ ఎక్కుతోంది, డ్యూటీ వేళ దాటుతోంది, అందరి సంచులూ అందరి భుజాలకూ బరువవుతున్నాయి.

కౌసల్యమ్మ చాయ జల్లెడ చేతపట్టుకొని బయటికి వచ్చింది.

"ఇంకెంతసేపు నిలబడతరు? గది ఖాళీగనే ఉన్నది. ఆడోళ్లు ముందు మార్చుకోండ్రి, మొగోళ్లు తర్వాత. రోజు ఒక్కొక్కరే వచ్చెటోళ్లు, ఇయ్యాల గుంపుల వచ్చి గింత సిగ్గేంది?"

 సైదులు నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. శిరీష ఏడ్చింది. ఆమె మేనేజ్‌మెంట్‌లో చాయలు అందిస్తుంది. సైదులు చెత్తబండి తోస్తాడు. ధనరాజ్ తాడుకు వేలాడి మేడల అద్దాలు తుడుస్తాడు. ఆ గదిలో వేలాడే బట్టలన్నీ ఒక్క మండలం వాళ్లవే. ఇన్నాళ్లూ ఒక్కొక్కరూ మిగతా అందరికీ నిజంగానే కొలువు దొరికిందనీ, తానొక్కడే పనికిరానివాడననీ లోపల లోపల కుమిలారు. కాంట్రాక్టరుకు వాళ్ల మీద పెట్టాల్సిన కాపలా ఏమీ లేకుండాపోయింది. ఆ కాపలా వాళ్లే కాసుకున్నారు.

ఎదురుగా కడుతున్న అపార్టుమెంటులో ఎల్లేశ్ సిమెంటు మోస్తున్నాడు. చాయకు వచ్చి వీళ్లను చూశాడు. అరుణశ్రీ తల దించుకుంది.

"ఆయాల నువ్వు తెల్వదన్నందుకు నాకు కోపం లేదమ్మా," అన్నాడు ఎల్లేశ్, గ్లాసు అందుకుంటూ. "నేను మా ఇంట్ల సెక్యూరిటీ ఆఫీసర్‌నని చెప్పిన. మా ఆమె నా టోపీకి దిష్టి దీసింది."

ఆ రేకుల గది వెనకనే మొదటి మీటింగు జరిగింది. తర్వాత సాయంత్రం డ్యూటీ దిగాక రోజూ జరిగింది. పక్క కంపెనీల వాళ్లు వచ్చారు, మొయినాబాద్ వాళ్లు వచ్చారు. మేళాలో 'దొరికిన' వాళ్లందరి పేర్లూ రిజిస్టరులో కొట్టేశారని అప్పుడు తేలింది. కాంట్రాక్టు పని కొలువు కాదని రాయాలి. కొట్టేసిన పేర్లు పాత సీనియారిటీతోనే మళ్లీ ఎక్కించాలి. ఖాళీలు కాంట్రాక్టరుకు కాదు, ఉపాధి కార్యాలయానికి చెప్పాలి. ఈ మూడూ అడగాలని ఎల్లేశ్ అన్నాడు, అందరూ ఒప్పుకున్నారు. అడగాలంటే ఎవరు ఏం పని చేస్తున్నారో బయట చెప్పాలి కదా అన్నప్పుడు సగం మంది సంచులు సర్దుకోసాగారు.

ధనరాజ్ లేచి నిలబడ్డాడు. తనకు పెళ్లయిందని, మామకు తెలిస్తే భార్యను తీసుకుపోతాడని, తనను ఇందులోకి లాగొద్దని చెప్పాడు. బాత్రూంలు కడుగుతున్నమని మైకు పట్టుకొని చెప్తే మన ఇజ్జత్ ఏం మిగుల్తదని ఇంకొకరు అడిగారు.

అప్పటిదాకా నవ్విస్తూ కూర్చున్న సైదులు ఆ మాటకు నవ్వలేదు.

"మా అవ్వ మీ వాడకట్లన్ని ఊడ్చింది. అప్పుడు ఎవ్వలకు సిగ్గుగాలే. ఇప్పుడు మీ చేతికి చీపురు రాంగనే సిగ్గొచ్చింది. పని జూసి గాదన్నా మీకు సిగ్గు. ఆ పని ఎవ్వలిదని మీరు మొదటి నుంచి అనుకున్నరో, వాళ్ల పక్కన నిలబడాలెనని సిగ్గు. అది కాంట్రాక్టరుకు ఎరుకే. గందుకే మిమ్మల్ని ఎంత తొక్కినా సప్పుడు జేయరని ధైర్యం."

 అరుణశ్రీకి చెవులు మండాయి. అతని తల్లికి తమ ఇంట్లో నీళ్లు పైనుంచి పోయడం ఆమె చిన్నప్పటి నుంచి చూసింది. ఇన్నాళ్లూ తాను మోసిన సిగ్గు తనదే అనుకుంది. దాని కింద ఇంకొకరి మెడ ఉందని ఆ మాట వినేదాకా తోచలేదు.

అందరూ కలిసి ఉపాధి అధికారి దగ్గరికి పోయారు. అతను కోప్పడలేదు, కుర్చీలు వేయించాడు. "మీ మాట నేనెట్ల నమ్మాలె? మీ ఊరి అమ్మాయే కిటికీ కాడ అందరి ముందర ఆఫీసు పని అని చెప్పింది. ఆమె అబద్ధం చెప్పిందా, మీరు చెప్తున్నరా?" అని అడిగాడు. అంతటితో ఆగలేదు. చేవెళ్లలో వచ్చే మేళా ఉందనీ, కొలువు దొరికిన ఆడపిల్లగా వేదిక మీద మాట్లాడాల్సింది అరుణశ్రీయేననీ చెప్పాడు. ఆ సాయంత్రానికే మనిషిని పంపి ముత్తమ్మకు కబురు చేశాడు. మాట్లాడితే సూపర్‌వైజర్‌ను చేయిస్తానని కాంట్రాక్టరు కూడా కబురు పెట్టాడు. మాట్లాడకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు, గేటు దగ్గర ఎల్లేశ్ లేడు కదా.

మేళా రోజున ముత్తమ్మ కొత్త చీర కట్టుకుంది. ముందు వరుసలో కూర్చుంది, పక్కన వసంతమ్మ. మైదానమంతా పిల్లలు, చంకల్లో ఫైళ్లు, కాంట్రాక్టరు బల్ల ముందు పెద్ద వరుస. వెనక గోడ దగ్గర ఎల్లేశ్, శిరీష, సైదులు, ఇంకా ముప్పై నలభై మంది. ధనరాజ్ రాలేదు.

అరుణశ్రీ వేదిక ఎక్కింది. మైకు అందుకుంది. తల్లి ముఖం చూసింది. అందులో అంత వెలుగు ఆమె ఎన్నడూ చూడలేదు. చూడకుండా ఉంటే బాగుండుననుకుంది.

"నా పేరు అరుణశ్రీ. ముడిమ్యాల. బీకాం చదివిన. గండిపేట కాడ కంపెనీల మూడో అంతస్తుల బాత్రూంలు కడుగుతున్న."  మైకును రెండు చేతులతో పట్టుకుంది. "ఆఫీసు పని అని మొన్న అబద్ధం చెప్పిన. నా అబద్ధం జూపెట్టి, కొట్టేసిన పేర్లు మళ్ల ఎక్కియ్యం అంటున్నరు. గా బల్ల కాడ నిలబడ్డోళ్లు, మీ పేరు గూడ ఇయ్యాల్నే కొట్టేస్తరు. ఏం పనో అడిగి రాయించుకోండ్రి."

మైకు ఆగిపోయింది. అధికారి ఎవరికో సైగ చేస్తున్నాడు. వెనక గోడ దగ్గర శిరీష బెంచీ ఎక్కి, నేను చాయలందిస్తున్న అని అరిచింది. నేను చెత్తబండి తోస్తున్న అన్నాడు సైదులు. గేటు తీసిన, అది గూడ పీకేసిండ్రు అన్నాడు ఎల్లేశ్. కార్లు కడిగేవాడు, తోటకు నీళ్లు పట్టేవాడు, డబ్బాలు మోసేవాడు, ఒకరి తర్వాత ఒకరు. బల్ల ముందున్న వరుస కదిలింది. ఏం పని రాసినవ్, ముందు అది చెప్పు అని ఒక పిల్ల కాంట్రాక్టరు మనిషిని అడిగింది. వాడు కాగితాలు సర్దుకోబోతే పదిమంది బల్లను పట్టుకున్నారు. రాసినవి చదువు, గట్టిగ చదువు, అన్నారు. వాడు చదవలేదు. పోలీసులు వచ్చారు.

ఆ గొడవలో అరుణశ్రీ తల్లి కోసమే వెతికింది. ముత్తమ్మ కొంగు ముఖం మీదికి కప్పుకొని కూర్చుంది. కాసేపటికి లేచి, ఎవరినీ చూడకుండా, జనాన్ని తప్పించుకుంటూ గేటు దాటి వెళ్లిపోయింది. కొత్త చీర అంచు మట్టిలో ఈడ్చుకుపోయింది. లాఠీ దెబ్బ ఎవరికి ఎక్కడ తగిలిందో అరుణశ్రీకి గుర్తులేదు. ఆ చీర అంచే గుర్తుంది.

పొద్దు వాలుతుండగా స్టేషన్ వరండాలో కూర్చోబెట్టారు. ఎస్సై మంచిగానే మాట్లాడాడు. చదువుకున్న పిల్లలు, కేసులు పడితే ఇక సర్కారు కొలువు ముఖం చూడరన్నాడు. ఒక కాగితం ముందు పెట్టాడు. ప్రైవేటు కంపెనీ ఉద్యోగులం, ఆవేశంలో పొరపాటు చేశాం, ఇట్లు అని. సంతకం పెడితే ఇప్పుడే ఇంటికి పొమ్మన్నాడు. ఎల్లేశ్ చదివాడు. చదివి పక్కవాళ్లకు చెప్పాడు, సంతకం పెడితే కొలువు దొరికిందని మనమే ఒప్పుకున్నట్టు అని. కాగితం చేతులు మారి చేతులు మారి, ఒక్క సంతకం లేకుండా ఎస్సై ముందుకే తిరిగి వచ్చింది.

అప్పుడు ముత్తమ్మ వచ్చింది. వసంతమ్మ చెయ్యి పట్టుకొని నడిపిస్తోంది. ఎస్సైకి ఆశ పుట్టింది.

"మంచిగ చెప్పవ్వా నీ బిడ్డకు. ప్రైవేటు ఉద్యోగి అని మర్యాదగ రాసిన. సంతకం పెట్టుమను. ఊళ్లె నీ ఇజ్జత్ గూడ నిలుస్తది."

ముత్తమ్మ బిడ్డ ముందుకు వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"ఏం పని జేస్తవే? నా మొకం జూసి చెప్పు."

మైకులో చెప్పడం సులువని అరుణశ్రీకి అప్పుడు తెలిసింది. తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"బాత్రూంలు కడుగుతనవ్వా."

ముత్తమ్మ కొట్టలేదు, దగ్గరికి తీసుకోలేదు. బిడ్డ చేతులు రెండూ పట్టుకొని అరచేతులు తిప్పి చూసింది. ఫినాయిల్‌కు తోలు ఊడి, వేళ్ల సందులు ఎర్రగా పగిలి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో తింటూ ఆ చేతులను చూడలేదు. కంప్యూటర్ మీద పనిచేసే చేతులు కదా అని చూడాలనుకోలేదు. ఆమె తల వంగింది. సిగ్గు ఇప్పుడు ఎవరిదో చెప్పడం కష్టం.

"అది చెప్పినట్టే రాసుకో సారూ," అన్నది ఎస్సైతో, తల ఎత్తకుండానే. "మర్యాద మాకద్దు."

ఎస్సై కాగితం చింపాడు. కేసు రాయమని హెడ్డు కానిస్టేబుల్‌కు చెప్పి లోపలికి పోయాడు. హెడ్డు పెన్ను విప్పాడు. పేరు, ఊరు, పని. అరుణశ్రీ చెప్పింది. ఎల్లేశ్ చెప్పాడు. శిరీష చెప్పింది. సైదులు చెత్తబండి అని రెండుసార్లు చెప్పాడు, మొదటిసారి హెడ్డు హెల్పర్ అని రాయబోయాడు కనుక. బయట రోడ్డు మీద జనం చేరుతున్నారు. ముడిమ్యాల నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది, మొయినాబాద్ నుంచి ఇంకొకటి.

"అయిపోయిండ్రా? ఇంకెవ్వలన్న ఉన్నరా?" తల ఎత్తకుండా అడిగాడు హెడ్డు.

వరండా మెట్ల దగ్గర ఎవరో చెప్పులు విడిచారు. ధనరాజ్. నడుముకు తాడు బెల్టు ఇంకా విప్పలేదు, నేరుగా డ్యూటీ నుంచి వచ్చాడు. అతని వెనక, స్తంభం పట్టుకొని, మామ నిలబడి చూస్తున్నాడు.

"నన్ను రాసుకోండ్రి," అన్నాడు ధనరాజ్. "అద్దాలు తుడుస్త."